రెండో నంబరు పాకం

తమిళనాట మా కోవిల్‌పట్టిలో బస్సు దిగగానే బెల్లం వాసన ఎంత బాగుందో అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు నవ్వొస్తుంది. ఇరవై ఏడేళ్లు ఆ ఆవిరి పీల్చినదాన్ని. తలంటుకున్నా వదిలే వాసన కాదది. అయితే కట్టెల పొయ్యిలు తీసేసి గ్యాసు, మిషను పెట్టాక వాసన సగానికి సగం పోయింది. ఇప్పుడు పొద్దున్నే షెడ్డు తలుపు తీస్తే మనసు చివుక్కుమంటుంది. ఉన్నప్పుడు విసుక్కున్నాను, పోయాక వెతుక్కుంటున్నాను. నా బుద్ధే అంత.

మీరు పల్లీ చిక్కీ అనేదాన్ని మేము కడలమిట్టాయి అంటాం. నన్ను ఆ పనిలో పెట్టింది మా మేనత్త, నాన్నకు అక్క. నేను డబ్బాల మీద చీటీలు అంటించడంతో మొదలుపెట్టి తర్వాత ఆఫీసు గదిలోకి మారాను. అత్త మాత్రం మొదటి నుంచీ పాకం చూసే మనిషి. షెడ్డులో ఎంతమంది ఉన్నా కడాయి దించమని చెప్పే హక్కు ఆమె ఒక్కదానిదే. గరిటెతో చుక్క తీసి గిన్నెడు చన్నీళ్లలో వేసేది. వేళ్ల మధ్య ఉండ చేసి పంటి కింద పెట్టేది. పటుక్కుమంటే దించమనేది, లేకపోతే ఇంకాసేపు. వాన పట్టిన రోజు ఒక లెక్క, కొత్త బెల్లం వచ్చిన రోజు ఇంకో లెక్క. ఎలా తెలుస్తుందని అడిగితే, "ఆకలైతే నీకెట్ల తెలుస్తాది?" అనేది. ఇక అడగడానికి ఏముంటుంది?

ముప్పై ఏళ్లలో తను దించిన కడాయి ఒక్కటీ వెనక్కి రాలేదని ఆమె గొప్ప. ఒంటి మీద గుండుసూదంత బంగారం లేదు గానీ, ఆ మాటను మెడలో వేసుకు తిరిగేది. టీ కొట్టులో చెప్పేది, రేషన్ వరుసలో చెప్పేది, పెళ్లి చూపులకు వచ్చినవాళ్లకూ చెప్పేది. మేము మొహాలు తిప్పుకునేవాళ్లం.

ఆరేడేళ్ల కిందట మొదలాళి కొత్త మిషను తెప్పించారు. యజమానిని మా వైపు అలాగే అంటాం. వాళ్లింట్లోనూ మా మాటే, తెలుగే, కోపమొస్తే మాత్రం తమిళంలోకి దిగుతారు. మిషనుతో పాటు కోయంబత్తూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. ఇనుము ఎక్కడైనా దొరుకుతుంది, దొరకనిది సమాచారం అన్నాడు. పాకం ఎప్పుడు కుదిరిందో ఈ మిషనుకు తెలియదు, తెలిసిన మనిషి చెప్పాలి, ఒకటి రెండుసార్లు కాదు, వందలసార్లు చెప్పాలి అన్నాడు. అత్త చేతికి ఒక పచ్చ మీట ఇచ్చాడు. పాకం కుదిరిందని ఆమె నొక్కిన క్షణంలో వేడి ఎంత, పాకం చిక్కదనం ఎంత, గాలిలో తేమ ఎంత అని మిషను రాసుకుంటుంది. ఏ రోజు ఏ బెల్లం, ఎన్నో కడాయి అని పక్కన కూర్చుని కాగితం మీద రాయడం నా పని.

పుట్టిన బిడ్డకు ఉగ్గు పెట్టమంటున్నారన్నమాట, పెద్దదయ్యాక నన్నే తంతుంది గదా అని అత్త వెటకారం చేసింది. బతికున్నన్నాళ్లూ ఆ మిషను పక్కన నీ కుర్చీ ఉంటుందని మొదలాళి మాటిచ్చారు. అత్త కొంగు దోపుకుని కూర్చుంది.

నలభై రోజులు సాగింది ఆ చదువు. రెండో వారంలో నా కంట ఒకటి పడింది. అత్త చుక్కను దవడ పంటితో కొరకడం లేదు. ముందు పళ్లతో అలా తాకించి మీట నొక్కేస్తోంది. మధ్యాహ్నం చూస్తే మురుకును టీలో నానబెట్టుకుని తింటోంది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి నిలదీశాను. కుడివైపు మూడు పళ్లు ఊడిపోయి ఏడాది దాటిందట, ఎడమవైపువి కదులుతున్నాయట. ఎవరికీ చెప్పొద్దని నా చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. చెబితే ఆమెను ఇంటికి పంపేస్తారని నాకూ భయమే. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నలభై రోజుల కాగితాల మీద ఉన్నది నా రాతే కాబట్టి ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మిషను సొంతంగా పాకం పట్టడం మొదలుపెట్టిన మూడు నెలలకు విరుదునగర్ నుంచి వ్యాను వచ్చింది. అక్కడి హోల్‌సేల్ కొట్టు ఇరవై డబ్బాలు తిప్పి పంపింది. మిట్టాయి విరగడం లేదు, వంగుతోందట. చేత్తో చేసే రోజుల్లో ఒక కడాయి గట్టిగా, ఒకటి మెత్తగా వచ్చి అన్నీ కలిసిపోయేవి, ఎవరూ పట్టించుకోలేదు. మిషను అలా కాదు. నేర్పిన మెత్తదనాన్ని ప్రతి కడాయికీ తు.చ. తప్పకుండా దించింది.

మొదలాళి తమిళంలోకి దిగారు. ఇంజనీరు పరుగెత్తుకొచ్చాడు. మిషను సరిగ్గా నేర్చుకోలేదు, ఈ సమాచారం మొత్తం చెరిపేసి వేరే కంపెనీ లెక్కలు తెచ్చి పెడదాం అన్నాడు. అత్త గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. ఆమె ముప్పై ఏళ్లూ ఆ ఒక్క మాటతో పోతాయి. నిజం చెబితే ఆమె పరువు పోతుంది.

అత్తే లోపలికి వచ్చింది. మొదలాళి ముందు నిలబడి, వేలితో పెదవి పక్కకు లాగి, బోసి చిగురు చూపించింది.

"మిషను తప్పు లేదయ్యా. నేను చెప్పినట్టే దా అది చేసె. నాకు పండ్లు లే. గట్టిదైతే కొరకలేక మెత్తగానే దించమంటి." కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ అంది. "వెనక్కి వచ్చింది నా కడాయి. దాని మీద వేయొద్దు."

నాకు ఏడుపు ఆగలేదు. ముప్పై ఏళ్లు మెడలో వేసుకు తిరిగినదాన్ని ఆమె తన చేతులతోనే తీసి బల్ల మీద పెట్టింది, అదీ ఒక ఇనప ముక్క కోసం.

మొదలాళి మా మాటలోనే మెల్లగా అడిగారు, ఇప్పుడేం చేద్దాం అని. అత్త నా వైపు చూసి, "కన్ను నాది, పన్ను దీనిది" అంది.

మళ్లీ నలభై రోజులు. చుక్క తీసి ఉండ చేసేది ఆమె, కొరికేది నేను. కొరికేటప్పుడు నా చెంపకు చెవి ఆనించి పటుక్కుమనే చప్పుడు వినేది. నాకు కితకితలుగా ఉండి నవ్వితే నెత్తిన ఒకటి మొట్టేది. చప్పుడు నచ్చితే మీట నొక్కేది. ఆమె అంత దగ్గరగా నా పక్కన కూర్చున్న రోజులు అంతకు ముందు లేవు, తర్వాతా లేవు.

పాత సమాచారం ఇక చెరిపేయనా అని ఇంజనీరు అడిగితే మొదలాళి వద్దన్నారు. కారణం ఉంది. విరుదునగర్ నుంచి డబ్బాలు తిప్పి పంపిన కొట్టువాళ్లే ఫోన్ చేసి, ఆ మెత్తటిది ఇంకా ఉందా, ముసలివాళ్లు వచ్చి అడుగుతున్నారు అన్నారట. అలా మిషను తెర మీద రెండు గడులు మిగిలాయి. గట్టిది ఒకటో నంబరు, రోజూ నడుస్తుంది, మెత్తది రెండో నంబరు, శుక్రవారం మాత్రమే. ఆ సంగతి చెబితే అత్త ముందు నమ్మలేదు. తర్వాత, పండ్లు లేని ఊరు ఇంత పెద్దదా అని పడీ పడీ నవ్వింది.

అత్త పోయి మూడేళ్లు. మొదలాళి మాట తప్పలేదు, మిషను పక్కన ఆమె కుర్చీ చివరిదాకా ఉంది, ఇప్పుడు అందులో నేను కూర్చుంటున్నాను. ఏ కడాయి అయినా మొదటి ముక్క కొరికి చూసే అలవాటు నాకు అలాగే ఉండిపోయింది. పోయిన శుక్రవారం ఒకటో నంబరు ముక్క కొరికితే కుడివైపు దవడ పన్ను జివ్వుమంది. చుట్టూ చూశాను, ఎవరూ గమనించలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత రెండో నంబరు ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకున్నాను. ఏ నొప్పీ లేకుండా నమిలాను. మా అత్త ఆ కడాయి నా కోసమే దించి వెళ్లింది.