వలపటెద్దు పట్టిన వర్ని దారి

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మా ఇంట్లో పెండ్లయినా పేరంటమైనా, బాపు తమ్ముడు, మా కాక, నోట్లో పాన్ వేసుకొని చెప్పే కథ మాత్రం వేరు. "గీ పొల్లను ముందటి బండి మీద కూసోబెడితే గుర్రుపెట్టి పండింది. అయిదు బండ్ల చెరుకును అత్తగారింటికి తోలినట్టు వర్నికి తోలింది" అంటాడు. నేను ప్రతిసారీ లేచి వాదిస్తాను. అందరూ ఇంకా నవ్వుతారు. నోటితో కాలేదు కాబట్టి రాసిపెడుతున్నాను.

మా ఊరు రుద్రూర్ అవతల. పొద్దుగూకినంక చెరుకుబండ్లు కదిలితే, తెల్లారేసరికి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర వరసలో నిలబడాలి. ఆలస్యమైతే చెరుకు తెమ్మని ఫ్యాక్టరీ ఇచ్చిన ఆనాటి చిట్టీ చెల్లదు. నిండు బండి గంటకు కోసు, అంటే రెండు మైళ్లు, నడిస్తే గొప్ప. నడుమ బండ్లవాళ్లు చెరుకు మీదే గొంగడి కప్పుకొని పడుకుంటారు, వాళ్ల ఎద్దులు ముందు బండి కింద వేలాడే కందీలు వెలుగు వెంట నడుస్తాయి. మొదటి బండి మీద ఒకరు, చివరి బండి మీద ఒకరు మేలుకోవాలి. దారి కింద మోరీ, అంటే చిన్న కల్వర్టు, వచ్చినప్పుడల్లా ముందటి మనిషి "హో" అంటే వెనకటి మనిషి "హో" అనాలి. ఆ రాత్రి వెనక కాక. ముందు నేను.

అన్నకు జ్వరం. బాపు రెండు రాత్రులుగా కన్ను మూయలేదు. అదొక్కటే కాదు, మెట్రిక్ పాసైతే నిజామాబాద్ హాస్టల్లో ఉండి కాలేజీకి పోతానని నేను ఇంట్లో పోరు పెట్టి ఉన్నాను.

"ఒక్కదానివి ఎట్ల ఉంటవు బిడ్డా?"

"ఇంట్ల ఇందరున్నా నా పని నేనే జేస్కుంటున్న గద బాపు."

బాపు పగ్గాలు నా చేతిలో పెట్టాడు. "అయితే నన్ను లేపకుండ గేటు కాడికి తీస్కపో. అప్పుడు సూద్దాం. ఊకె గుంజకు, ఎద్దులకు తొవ్వ ఎర్కే." అని పడుకున్నాడు.

రుద్రూర్ దాటాక దారి చీలుతుంది. ఎదురుగా పోతే బోధన్, కుడికి తిరిగితే వర్ని. మా వలపటెద్దు, అంటే కుడివైపుది, కుడికి తిరిగింది. నేను చూశాను, కళ్లు తెరుచుకొనే చూశాను. గుంజొద్దన్నాడు కదా, ఎద్దుకు ఎరుకే అన్నాడు కదా అని వదిలేశాను. దానికి ఎరుకే మరి. కిందటేడు దాన్ని వర్నిలోనే కొన్నారు. అది వాళ్లింటికి పోతోంది.

మోరీ వచ్చింది. "హో" అన్నాను. వెనకనుంచి జవాబు లేదు. రెండో మోరీకీ లేదు. అప్పుడు గమనించాను, ముఖానికి కొట్టాల్సిన ఫ్యాక్టరీ వాసన, మాడిన బెల్లంలాంటిది, ఎడమ చెవి దిక్కునుంచి వస్తోంది.

బండి ఆపి, కందీలు విప్పుకొని చివరి బండి దాకా నడిచాను. కాక రుమాలు ముఖం మీద వేసుకొని పండి ఉన్నాడు. తట్టి లేపితే అడిగిన మొదటి మాట: "గేటొచ్చిందా?"

బాపును కూడా లేపక తప్పలేదు. పక్కనున్న కల్లంలోకి ఒక్కొక్క బండినే దింపి తిప్పుకున్నాం. బాపు పగ్గాలు మళ్లీ నాకే ఇచ్చాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికి వరస చివర నిలబడ్డాం. చిట్టీ చెల్లింది. గేటు ముందు చాయ్ తాగుతూ కాక తన కథను మొదటిసారి విప్పింది అప్పుడే. బాపు అందరితో పాటు నవ్వాడు.

నిద్రపోవడం వేరు, తప్పు చేయడం వేరు. తప్పు నాది, ఎవరు అడిగినా ఒప్పుకుంటాను. నిద్ర కాకది. తన గొంగడి తెచ్చి నా మీద కప్పితే ఎట్లా?

ఆ ఎండాకాలం పోయాక బాపే నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని హాస్టల్లో దించి వచ్చాడు. దారిలో అడిగాను, "ఆ రాత్రి నేను మేల్కనే ఉన్న. నువ్వు నమ్మినవా, లేదా?"

"ఆ ఎద్దునడుగు బిడ్డా" అన్నాడు.

తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నమ్మితే, ఇన్నేండ్లు కాక కథకు ఎందుకు నవ్వినట్టు? నమ్మకపోతే, ఒక్కదాన్ని నన్ను హాస్టల్లో ఏ ధైర్యంతో దించినట్టు?