సార్లకు నీళ్లు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బడికి సమానత్వం వచ్చింది. వివక్ష లేకుండా చేసే రూల్స్ పిల్లలతోనే రాయించమని పైనుంచి ఆర్డరొచ్చిందట. హెడ్మాస్టరు ఐరాలలో బ్యానరు పురమాయించారు. గుడ్డ చాలక పెయింటరు 'నిరోధక' అన్న మాట ఎగరగొట్టాడు. దాంతో 'విద్యార్థుల వివక్ష కమిటీ' అన్న బ్యానరు కింద మొదటి మీటింగు జరిగింది. సార్లు కుర్చీల్లో, మేము నేలమీద.

కమిటీలో ఊరి బయటుండే మా అరుంధతివాడ నుంచి నన్నొక్కదాన్నే వేశారు. రోజూ స్టాఫ్‌రూములో సార్లకు గ్లాసులతో నీళ్లందించేది ఊళ్లోని పిల్లలే. మా వాడ పిల్లల చేతికి ఎప్పుడూ చీపుర్లే. ఎందుకని ఎవరూ అడిగింది లేదు. నాకు మాత్రం ఒకటే పంతం. ఒక్కసారైనా నా చేతి నీళ్లు వాళ్లు తాగాలి, అంతే!

"భయపడకుండా అడగండమ్మా, ఈ పొద్దు మీదే రాజ్యం," అన్నారు హెడ్మాస్టరు.

లేచి నిలబడ్డాను. "సార్, మీకు నీళ్లు నేను గూడా తెస్తా సార్. మా వాడోళ్లని యెప్పుడూ తెమ్మనరే, యెందుకు సార్?"

సార్లంతా కిటికీలోంచి బయటికి చూశారు. బయట ఒక మేక తప్ప ఏమీ లేదు. చివరికి లెక్కల సారు గొంతు సవరించుకున్నారు. "పాపా, పిల్లోళ్ల సేత పని సేయించేదే తప్పు గదా!"

"ఆఁ! అదీ మాట!" అని హెడ్మాస్టరు తొడ చరిచారు. ఇకమీదట ఏ విద్యార్థీ సార్లకు నీళ్లు తేకూడదు. మొదటి రూలు పాసైపోయింది, నా పేరు మీదే. చీపుర్ల సంగతంటారా, అది శ్రమదానమట!

మరునాడు సార్లంతా బాటిళ్లు చంకన పెట్టుకుని, అలిపిరిలో కొండెక్కబోయేవాళ్లలా బస్సు దిగారు.

కొన్నాళ్లకు చిత్తూరు నుంచి ఆఫీసరు తనిఖీకొచ్చారు. మా రూల్స్ మెచ్చుకుంటూ ఉండగానే ఆయనకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. నేను పరుగున వెళ్లి వరండా కొళాయిలో గ్లాసు నింపుకొచ్చాను.

"వద్దు పాపా, రూలు! నువ్వు పెట్టించిన రూలే గదమ్మా!" అంటూ హెడ్మాస్టరు నాకు అడ్డమొచ్చారు. పొద్దుటినుంచీ తాను నోటికి కరుచుకుని తాగుతున్న బాటిలే ఆఫీసరుకు అందించారు. ఆ ఎంగిలికి పట్టింపు లేదు కాబోలు!

ఆఫీసరు తాగి మూతి తుడుచుకున్నారు. "హెడ్మాస్టరే నీళ్లందిస్తాడా! సమానత్వమంటే ఇదప్పా!"

అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో నిండు గ్లాసు. ఏడుపూ కోపమూ కలిసి తన్నుకొచ్చాయి. ఆ నీళ్లు వాళ్లందరి ముందరే నేనే గటగటా తాగేశాను.