పడుగు కోసిన రోజు

కాలు ఆపకుండా తొక్కుతూనే ఉన్నాను. మగ్గం టకటకమని మోగుతోంది. వాకిట్లో ఇద్దరు నిలబడ్డారు, ఒకడి చేతిలో వేటకొడవలి.

"ఏమే పాపా, చెవులు పనిచేయవా? ఆపు!" అన్నాడు కొడవలివాడు.

తొంభైల చివర్లో ధర్మవరంలో మా వీధికి ఒక పెద్దమనిషి ఉండేవాడు. పెళ్లి ముహూర్తం కూడా ఆయన్నడిగే పెట్టుకోవాలి. అవతలి వర్గంతో ఆయనకు గొడవ ముదిరి బాంబులేసుకునేదాకా వచ్చింది. ఆయన మనిషొకడు చచ్చిపోయాక హుకుం వచ్చింది: పగ తీరేదాకా వీధిలో మగ్గం మోగకూడదు, ఇంటికొక మగమనిషి ఆయనకు కావలికి రావాలి. మొదటి వారంలోనే కావలికి వెళ్లిన పక్కింటి అన్నను చాపలో చుట్టి తెచ్చారు. చాప బయటికి కాళ్లు కనిపించాయి. తొక్కి తొక్కి కాయలు కాచిన నేతగాడి కాళ్లు.

ఇప్పుడు మా నాయన వంతు; తీసుకుపోవడానికి పెద్దమనిషి మనుషులొచ్చారు. ఇంట్లో ఇంకో మగదిక్కు లేదు. నాయనేమో పది అడుగులేస్తే ఆయాసపడతాడు. నాయన్ని పంపేది లేదని వీధికంతా వినపడాలనే పొద్దున్నే మగ్గం గుంతలో కూర్చున్నాను.

"మీ నాయన యాడ?"

"ఈడే ఉండాడు. రాడు."

"రాడా?"

"మా నాయన దగ్గితే పెనుకొండ దాకా వినపడ్తాదన్నా. ఆయన్ని కావలి పెడితే అవతలోళ్లకు దోవ మీరే చూపిచ్చినట్లు."

రెండోవాడికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

నాయన మూల నుంచి లేవబోయాడు. "ఊరుకో పాపా, నేను పోతాలే."

"నువ్వు కూర్చో నాయనా!"

కొడవలివాడు లోపలికొచ్చాడు. నాయన మీదికే అనుకుని గుంతలోంచి లేచి అడ్డం నిలబడ్డాను. వాడు నన్ను చూడనే లేదు. ఒక్క వేటుతో మగ్గం మీది పడుగు కోసేశాడు. బిగిసి ఉన్న పట్టుపోగులన్నీ ఒక్కసారిగా తెగి గుంతలోకి జారాయి. ఆ చప్పుడుకి నాయన చెవులు మూసుకున్నాడు.

"మళ్లీ మోగితే ఈతూరి చేతులు," అన్నాడు వాడు.

నాయన్ని మాత్రం తీసుకుపోలేదు. దగ్గు మాట నిజమేనని తట్టిందేమో.

ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ఒక్కరూ మా గడప తొక్కలేదు. ఇంట్లో మా అవ్వ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "హిందూపురంలో మీ చిన్నమ్మ కాడికి పోదాం పద. పొద్దున్నే రైలుండాది."

మరుసటి రోజు ఆ రైలు కూత వినిపించేసరికి నేను పొయ్యిలోని బూడిదను గిన్నెలోకి తీస్తున్నాను. తలుపు బార్లా తెరిచి మగ్గం దగ్గర కూర్చున్నాను. పట్టు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన పోగు కొసలు రెండూ కలిపి అతుకు పడేలా నలిపాను. తర్వాత రెండో పోగు అందుకున్నాను.