వంకర డిప్ప తాబేలు

మా పాపకి బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. "నీ డిప్ప వంకరైనా నువ్వు నా ఫ్రెండువే" అంటుంది కుందేలు. తాబేలు మురిసిపోయి నవ్వుతుంది.

విశాఖలో నేను రెండో క్లాసు చదివేటప్పుడు మా టీచరూ ఇదే కథ చదివారు. "మీరూ మీ ఫ్రెండుకి ఇలాంటి మాట ఒకటి చెప్పండి" అన్నారు. అందరికంటే ముందు నేనే లేచాను. నా పక్కన కూర్చునే నూకాలు, హార్బర్లో చేపలమ్మే వాళ్ళమ్మకి రోజూ తట్టలు కడిగిచ్చి బడికొచ్చేది.

"నూకాలూ, నీ దగ్గిర సేపల కంపొచ్చినా నువ్వు నా ఫ్రెండువే!" అన్నాను.

క్లాసంతా ఘొల్లుమంది. టీచరు నాకు చప్పట్లు కొట్టించారు. నూకాలు జడ కొస ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"నిజంగా వత్తందేటే?" అని మెల్లిగా అడిగింది.

"రోజూ వత్తాది" అన్నాను గొప్పగా.

మర్నాడు మెడ నిండా పౌడరు పూసుకొచ్చి, వెనక బెంచీలో ఒక్కర్తే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. అంత మంచి మాట చెప్తే తాబేలులా నవ్వనైనా లేదని, మళ్ళీ దాంతో మాట్లాడలేదు.

"తాబేలు ఎందుకు నవ్విందమ్మా?" అనడిగింది పాప.

"కథ రాసింది కుందేలు కదమ్మా" అన్నాను.