వడ్ల ఎల్లం తియ్యనన్న కట్టె

మా పక్కింటి వడ్రంగి, వడ్ల ఎల్లం విమానం చేశాడంటే మెదక్‌లో ఇప్పుడు చాలామంది నమ్మరు. నేను కళ్ళారా చూశాను. చూడొద్దన్నారు కాబట్టి ఇంకా బాగా చూశాను.

రజాకార్ల కాలం. నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్ళు రోడ్లకు అడ్డంగా చెట్లు నరకడంతో పోలీసులు పల్లెలకు చేరలేకపోతున్నారు. పట్నం నుంచి ఒక అఫ్సర్ వచ్చి, మూతపడ్డ బియ్యం మిల్లులో కార్ఖానా పెట్టాడు. మెట్ట చెలకలోనైనా దిగగలిగే చిన్న విమానం కావాలన్నాడు. దవాఖానా మందులు మోయడానికట. ఇంజను పట్నం నుంచి వచ్చింది. రెక్కల కట్టెపనంతా ఎల్లందే. వాటిమీద గుడ్డ బిగించి రంగు పూశారు.

పనివాళ్ళకు మజ్జిగ ఇచ్చే వంకతో నేను రోజూ మిల్లుకు పోయేదాన్ని. అఫ్సర్ తన సిపాయిలతో అన్న మాట అక్కడే విన్నాను. ఎల్లం చెల్లెలు శివమ్మను ఇచ్చింది రేగోడ్‌లో. ఆమె మొగుడు సంఘంలో ఉన్నాడు. వెంటనే పోయి ఎల్లంతో చెప్పాను.

"ఎల్లం, గది మందులు మోసేది గాదు. తుపాకులు, సిపాయిలు. మొదలు రేగోడ్ల దిగుతదంట."

"ఎవలు చెప్పిన్రు వదినె?"

"నా చెవులే చెప్పినయి. ఇంక చిత్రిక పడుతవేంది? నాలుగు మేకులు వదులుగ కొట్టరాదు?"

"పని చెడగొట్టుడు నాతోని గాదు. మంచిగనే చేస్త. గని ఆళ్ళ చేతికియ్య."

మా దగ్గర కొత్త బండి చక్రం కింద వడ్లాయన ఒక కట్టె ఆనిస్తాడు. అప్పగించేరోజు తన చేత్తో తీస్తాడు. అప్పటిదాకా ఆ బండిని ఎవరూ కదిలించరు. విమానం తయారయ్యాక దాని చక్రానికీ ఎల్లం కట్టె పెట్టాడు.

"కట్టె తియ్!" అన్నాడు అఫ్సర్.

"యాడ దిగుతదో చెప్పున్రి సాబ్. దవాఖానకైతే ఇప్పుడే తీస్త."

"అడగనీకి నువ్వెవడ్రా?"

"చేసినోన్ని."

అఫ్సర్ బూటుకాలితో కట్టెను తన్నాడు. ఎల్లం పోయి తెచ్చి మళ్ళీ పెట్టాడు. తుపాకి మడమతో కొడితే పెదవి చిట్లింది. అయినా మళ్ళీ పెట్టాడు. తొయ్యమని అరిస్తే కూలీలు చేతులు కట్టుకున్నారు.

"వడ్లాయన ఇయ్యలె సాబ్. ఇయ్యంది మేం ముట్టం," అన్నాడు కమ్మరి నర్సింహ.

సిపాయిలే తోయబోతే రెక్క గుడ్డలోకి చేతులు దూరాయి. నాకు నవ్వాగలేదు. ఎల్లంను మాత్రం జైల్లో వేశారు.

ఇంతలో నిజాంను దించడానికి ఇండియన్ యూనియన్ మిలట్రీ వచ్చింది. అఫ్సర్ జీపెక్కి పారిపోయాడు. ఊరంతా దండలు పట్టుకుని రోడ్డుమీదికి పోయింది. ఎల్లం కుంటుకుంటూ జైలు నుంచి వచ్చాడు. మిలట్రీ వాళ్ళ కొత్త అఫ్సర్ మిల్లుకు వచ్చి అతని భుజం తట్టాడు. చిరిగిన గుడ్డ అతికించి, కట్టె తీసి ఇవ్వమన్నాడు.

"యాడ దిగుతది సాబ్?"

"సంఘపోళ్ళు దాగిన ఊళ్ళల్లో. శంకరంపేట, రేగోడ్..."

ఎల్లం పోయి ఆ కట్టె పక్కనే, చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాడు.

మిల్లు కిటికీ దగ్గర నేనుండనే ఉన్నాను. "మళ్ళ జేల్ల ఏస్తరు ఎల్లం!" అన్నాను.

"ఎయ్యనీ వదినె. పొయ్యే తొవ్వ తెలిసిందే గద."