కొబ్బరినూనె తాగిన పడవ

మా ఆఫీసులో కొత్త అంతస్తు తెరవడం, నెల తిరిగేసరికి అందులోనూ కుర్చీలు చాలకపోవడం మామూలైపోయిన రోజులవి. మేం ఈ చలిదేశానికి వచ్చి, స్వోర్డ్స్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాది సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా ఆవిడ బోమాంట్ ఆసుపత్రిలో డాక్టరు. నేను ఇల్లు చేరేసరికి ఆవిడ డ్యూటీకి బయల్దేరేది. పెళ్ళయిన ఐదేళ్ళలో మేం ఎదురెదురుగా మాట్లాడుకున్నదానికంటే ఫ్రిజ్ మీద చీటీలు అంటించుకున్నదే ఎక్కువ. అది నన్ను లోలోపల తినేసేది. అందుకే పడవ కొన్నాను. నీళ్ళ మధ్యకి వెళ్తే మమ్మల్ని ఎవరూ పిలవరని నా ఆశ.

ఇద్దరు కూర్చునే కయాక్ అది. తెడ్డు వేయడానికి నా భుజం ఒప్పుకోదు కనక కాళ్ళతో తొక్కేది తీసుకున్నాను. ముందు సీటు దగ్గర సైకిల్‌కున్నట్టే పెడల్స్, వాటి కింద ఒక ఇనప డబ్బా, దాని కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను. తెచ్చినరోజు తొక్కి చూస్తే కిర్రుమంది. చిన్నప్పుడు మా ఇంట్లో కుట్టుమిషన్‌కీ, తలుపు బందులకీ, మా తలలకీ ఒకటే సీసా. ఆ అలవాటుకొద్దీ హాట్‌ప్రెస్ తెరిచి కొబ్బరినూనె తీసి డబ్బాలోకి ధారాళంగా వంచాను. హాట్‌ప్రెస్ అంటే ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే అల్మారా. కిర్రు వెంటనే పోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మా ఆవిడకి నెలకో ఆదివారం దొరికేది. ఈత రాదు, నీళ్ళంటే భయం. అయినా నా మొహం చూసి ఒప్పుకుంది. విక్లో కొండల్లో సరస్సు దాకా వెళ్ళి, ఒడ్డునించి ఇరవై గజాలు పోయామో లేదో పెడల్స్ జారడం మొదలైంది. కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి, పడవ మాత్రం కదలదు. లైఫ్‌జాకెట్ రెండు చేతులా పట్టుకుని ఆవిడ నన్నే చూస్తోంది. చేత్తో నీళ్ళు తోసుకుంటూ వెనక్కొచ్చాం.

ఇంటికి తెచ్చి, పెడల్స్ డబ్బాని ఊడదీసి వంటింట్లో కుర్చీకి కట్టి తిప్పితే అద్భుతంగా తిరిగింది. మరలు బిగించాను, ఫ్యానుకి చుట్టుకున్న నాచు పీకాను, చివర్న ఇంకాస్త నూనె పోశాను. రెండో ఆదివారం మళ్ళీ అదే కథ. ఇంట్లో బానే తిరిగిందని నేను వాదిస్తే, మీ టెస్టర్లతో రోజూ ఫోన్లో చెప్పే మాటే కదా ఇది అంది. మూడోసారీ ఇలాగే అయితే దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామని కూడా అంది. ఆ నెలంతా నాకు అదే బెంగ. విప్పి తుడిచి, మళ్ళీ నూనె పట్టించాను.

మూడోసారి సరస్సు మధ్యలో జారింది. చేతులతో తోసుకుంటూ ఒడ్డు దగ్గరికొస్తే, అక్కడ చేపలు పట్టుకునే ముసలాయన తాడు విసిరి లాగుతూ, ఇక్కడివాళ్ళ అలవాటుగా గ్రాండ్, ఏం కాలేదులే అన్నాడు. నాకు మాత్రం అంతా అయిపోయిందనిపించింది.

మర్నాడు సాయంత్రం పడవని అమ్మడానికి ఫొటోలు తీస్తుంటే మా ఆవిడ ఖాళీ సీసా పట్టుకుని వచ్చింది. డ్యూటీకెళ్ళే ముందు తలకి రాసుకుందామంటే చుక్క లేదట.

"మీరు రాసుకుంటున్నారేమో, ఆ నెత్తిమీద ఇంకా ఆశ పెట్టుకున్నారేమో అని ఇన్నాళ్ళూ ఊరుకున్నా. నిజం చెప్పండి, ఈ పడవకి ఏం పట్టించారు?"

చెప్పాను. రోగిని అడిగినట్టే ఎప్పట్నించి, ఎంత, ఎన్నిసార్లు అని వరసగా అడిగింది. తర్వాత డబ్బాని పెరట్లో చల్లనీళ్ళ బకెట్‌లో పెట్టింది. గంటాగి మూత విప్పితే లోపలంతా తెల్లగా పేరుకున్న నూనె. సైకిల్ ఫ్రీవీల్లో ఉన్నట్టే ఇందులోనూ పెడల్ తొక్కితే పట్టుకునే చిన్న పళ్ళున్నాయి. అవి ఆ గడ్డలో కూరుకుపోయి లేవడం లేదు. వంటింటి వెచ్చదనంలో కరిగేది, సరస్సు చలికి గడ్డకట్టేది. చలికి గడ్డకడుతుందనే కదా సీసాని హాట్‌ప్రెస్‌లో దాస్తాం! నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

"జబ్బు ఉత్త కిర్రు. మిగతాదంతా మీ వైద్యమే," అంది.

వేడినీళ్ళూ సబ్బూ పెట్టి మొత్తం కడిగి, సైకిల్ షాపులో దొరికే పల్చటి నూనె రెండంటే రెండు చుక్కలు వేశాను. బాగైంది గానీ మూడో ఆదివారం అయిపోయింది కదా అని గొణిగాను. ఫ్రిజ్ చూడమంది. తన డ్యూటీల కాగితం మీద వచ్చే ఆదివారం చుట్టూ గీత, పక్కన 'పడవ' అని తన రాత. దానికోసం వేరేవాళ్ళ రెండు రాత్రి డ్యూటీలు తను చేసిందట. మూడో ప్రయాణానికి ముందే మార్చుకుందట.

"మీరు ఒక పట్టాన వదలరని తెలుసుగా."

నూనె చేతులు కడుక్కోవాలని పక్కకెళ్ళాను.

ఆ ఆదివారం పెడల్స్ తనే తొక్కుతానంది, నన్ను చూస్తే వాటికి బెదురట. పడవ బుద్ధిగా సాగింది. సరిగ్గా సరస్సు మధ్యలో ఆగింది. మళ్ళీ జారుతోందా అని అడిగాను.

"లేదండీ," అంది, వెనక్కి తిరక్కుండానే. "నేనే ఆపాను. కాసేపు ఇక్కడే ఉందాం."