సగం గ్లాసు పాకం

డీజిల్ వాసన చేతులకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. నిన్న సాయంత్రం నుంచి మూడుసార్లు సబ్బుతో కడిగాను, శనగపిండి పెట్టి రుద్దాను, అయినా ఈ పొద్దున కాఫీ గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే కాఫీ కంటే ముందు అదే పలకరించింది. మూడు వానాకాలాలుగా పెరట్లో రేకుల కింద పరదా కప్పుకుని పడున్న నాన్న మోటార్ సైకిల్‌ని ఈ సెలవుల్లో ఎలాగైనా రోడ్డెక్కించాలనుకున్నాను. ఇంజను ఎలాగో స్టార్టయింది కానీ వెనక చక్రం అంగుళం కదల్లేదు. బ్రేకు పట్టేసింది. మెకానిక్‌ వచ్చి, వంగి కూడా చూడకుండా, "సెట్టంతా మార్చీద్దాం మేడం" అన్నాడు. విప్పి చూడకుండా మార్చేయడమంటే నాకు ఒళ్ళు మంట. అతన్ని పంపేసి స్పానర్లు నేనే పట్టుకుని, బిగుసుకున్న చోట డీజిల్ పోశాను. అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్న నాన్న, "కిరసనాయిలైతే ఏగిరం ఒదిలీసేది. ఈ డీజిలేటి?" అని గొణిగాడు. ఆ మాటతో నా చెయ్యి ఆగిపోయింది, నాకు తొమ్మిదేళ్ళప్పటి ఆదివారం ఒకటి వచ్చి ముందు నిలబడింది.

మా చోడవరంలో చలికాలమంటే చెరకు కాలం. మంచులో ముందు ట్రాక్టరు చప్పుడు వినబడేది, ఆ తర్వాత లైట్లు, ఆ తర్వాత ఎప్పటికో రోడ్డుకు రెండు పక్కలా వేలాడుతూ చెరకు లోడు కనబడేది. మేం బడి సంచులు వీపున వేసుకుని ట్రక్కు వెనకాల పరిగెత్తి ఒక్కో గడ లాగి, పళ్ళతోనే చీల్చి, నోటి మూలలు కోసుకుపోయేదాకా నమిలేవాళ్ళం. ఊరి బయట గానుగ కొట్టాల నుంచి పొగ, పిప్పి మండే వాసన, పెనంలో రసం పొంగి చిక్కబడుతుంటే గాలంతా తీపి. రోడ్డు జిగట, చెప్పులు జిగట, చివరికి మా ఎక్కాల పుస్తకం కూడా జిగట. నాన్నది తోటలు తిరిగి చెరకు చూసి కోతకు రోజు చెప్పే ఉద్యోగం. ఇంట్లో నిలబడి తినేవాడు, చొక్కా విప్పకుండానే మళ్ళీ వెళ్ళిపోయేవాడు. "ఈయనకి కాళ్ళు కాదు, సక్రాలు" అనేది అమ్మ. నాకు నవ్వొచ్చేది కాదు. నాన్న ఒక్క పూట ఇంట్లో కుదురుగా కూర్చుంటే చూడాలని ఉండేది.

ఆ శనివారం సాయంత్రం గానుగ దగ్గర్నుంచి గ్లాసుడు వేడి పాకం తెచ్చాడు. బెల్లం ముద్ద కాక ముందు దించిన ఆ పాకంలో కొబ్బరి ముక్క ముంచుకు తింటే అంతకు మించిన పండగ లేదు మాకు. గ్లాసు నా చేతికిచ్చి, "రేపు రోలుగుంట తోటలకెల్లాలి" అన్నాడు. ఆదివారం ఇంట్లోనే ఉంటానని వారమంతా చెప్పిన మనిషి! ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంతకు ముందొకసారి ఒలికిన పాకం రాత్రికి రాత్రి గట్టిపడి నా జామెట్రీ బాక్సు మూత ఊడిరాకుండా చేసింది, అది గుర్తుకొచ్చింది. నాన్న బండి వెనక చక్రం దగ్గర నూనె చుక్కలు వేసే చోటు నాకు తెలుసు. బ్రేకు తొక్కినప్పుడు మెలిక తిరిగి, చక్రం లోపలి రెండు బ్రేకు షూలనీ ఎడంగా జరిపే ఇనుప పిన్ను ఒకటి అక్కడ బయటకు వస్తుంది; కాలు తీయగానే అది వెనక్కి తిరగాలి, తిరగకపోతే షూలు చక్రాన్ని పట్టుకుని కూర్చుంటాయి. ఇదంతా అప్పుడు తెలియదు. నూనె పోసే చోటే పాకం పోశాను.

పొద్దున్నే ఎదురింటి కిరాణా కొట్టు ఫోనుకు కబురొచ్చింది. దేవరాపల్లి దగ్గర పల్లెలో బాబాయి వాళ్ళింట్లో ఉన్న నాయనమ్మకు బాగాలేదట, పెద్దకొడుకుని రమ్మంటోందట. నాగుల చవితికి నువ్వుల చిమ్మిలి ఉండలు చేసి, నావి మాత్రం కాస్త పెద్దవిగా చుట్టి పంపే నాయనమ్మ. నాన్న ముఖం కూడా కడగకుండా బండి తీశాడు. పాకం పోసినా బండి కదిలింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. "బండొద్దు నాన్నా, బస్సెక్కు" అనే మూడు మాటలు నాలిక చివరిదాకా వచ్చాయి. అంటే ఎందుకని అడుగుతాడు, చెబితే అమ్మ వీపు చీరేస్తుంది. అనలేదు.

సగం దారిలో చెరకు బండి అడ్డొచ్చి నాన్న బ్రేకు తొక్కాడు. తొక్కిన బ్రేకు తిరిగి రాలేదు. అలాగే లాక్కుంటూ పోతే బ్రేకు డ్రమ్ము కాలి, కమురు వాసన కొట్టి, చివరికి చక్రం బిగుసుకుపోయింది. బండిని చెరకు తోటలోకి తోసేసి, కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరిదో సైకిలు వెనకెక్కి వెళ్ళాడు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "పెద్దోడొచ్చేడా, పెద్దోడొచ్చేడా అని మూడుమాట్లడిగిందిరా" అని మేనత్త ఏడ్చిన ఏడుపు, మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళినప్పుడు నేనూ విన్నాను.

మూడో రోజున బండిని ట్రాక్టర్ మీద వేసి ఇంటికి తెచ్చారు. తెల్లారి పెరట్లోకి వెళ్ళాను. గోడ వారనుంచి చీమల బారు పెరడు దాటి, టైరెక్కి, నేను పాకం పోసిన చోటికే వెళ్తోంది. తడిగుడ్డతో తుడిచేశాను. మర్నాడు మళ్ళీ వచ్చాయి. అమ్మ పొయ్యి వెలిగించకముందే లేచి అయిదారు రోజులు ఆ చీమల్ని తుడిచాను. ఇవాళ్టికీ నాకు తెల్లవారకుండానే మెలకువ వస్తుంది, లేచి తలుపు గడియ చూస్తాను, గ్యాసు చూస్తాను, ఏం చూస్తున్నానో తెలియకుండా ఇల్లంతా తిరుగుతాను.

తర్వాతి వారం నాన్న కిరసనాయిలు పళ్ళెం పెట్టుకుని ఆ బ్రేకు విప్పాడు. నేను పక్కనే కూర్చున్నాను. నాన్న సుత్తితో అవసరానికి మించి గట్టిగా కొట్టాడు. అలా చూసే నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏటా వానలకు ముందు ఆ పిన్నుకు గ్రీజు పెట్టే పని నాదే అన్నాను. ఆడపిల్లకి బండి పిచ్చేమిటని వీధంతా నవ్వేది.

నిన్న డీజిల్లో నానబెట్టి, చెక్క అడ్డుపెట్టి మెల్లగా తడుతుంటే పిన్ను ఎర్రటి తుప్పుతో ఊడి చేతిలోకి వచ్చింది. ఇక ఆగలేకపోయాను.

"నాన్నా, ఆ రోజు బ్రేకు పట్టేసింది నా వల్లే. ముందురోజు పాకం పోసేను."

నాన్న నా వంక చూశాడు. తర్వాత చెయ్యి చాపి పిన్ను తీసుకున్నాడు. "దీనికి రబ్బరు రింగొకటుంటాది, నీళ్ళెల్లకుండా. ఆ యేడు దసరాకి బండి ఇప్పినప్పుడు అది తెగిపోనాది. కొత్తది తరవాతేద్దారిలే అని ఒట్టిగా బిగించీసేను. ఎవులికీ సెప్పలేదు, మీ అమ్మకి కూడా" అన్నాడు.  ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఒకే తప్పును ఇద్దరం చెరో వైపు నుంచి మోశామన్నమాట. రింగు లేదు కాబట్టి నీళ్ళు వెళ్ళి ఉంటాయి. రింగు లేదు కాబట్టి పాకమూ వెళ్ళి ఉంటుంది. ఏది పట్టేసిందో చెప్పేవాళ్ళు లేరు.

"ఎంత పోసేవే?" అన్నాడు పిన్నును వేళ్ళ మధ్య తిప్పుతూ.

"సగం గ్లాసు."

"మిగతా సగం?"

"తాగీసేను."

నాన్న నవ్వాడు. ఆ రోజు ఊసెత్తినప్పుడు ఆయన నవ్వగా చూడటం ఇదే మొదటిసారి. నవ్వుతూనే పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు.

గానుగ కొట్టాలున్న చోట ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్ళు ఉన్నాయి. రేషన్లో కిరసనాయిలు ఆగిపోయింది, ట్రక్కు వెనకాల పరిగెత్తే పిల్లలు కనబడరు, చిమ్మిలి నేనూ చేస్తాను కానీ ఆ ఉండ సైజు రాదు. తుప్పు గీకి, కొత్త రింగు వేసి నిన్న సాయంత్రమే బ్రేకు బిగించేశాను. ఈ పొద్దున కాఫీ గ్లాసుతో పెరట్లోకి వచ్చేసరికి నాన్న అప్పటికే బండి దగ్గర ఉన్నాడు. స్టాండు వేసిన బండి వెనక చక్రాన్ని చేత్తో తిప్పి, బ్రేకు నొక్కి, వదిలి, మళ్ళీ తిప్పి చూస్తున్నాడు.

"ఏటి నాన్నా, పొద్దున్నే?"

"బాగా తిరుగుతంది సూడు. నువ్వు నడుపు, నాను ఎనకాల కూకుంటాను. దేవరాపల్లి ఎల్లొద్దాం."

"అక్కడిప్పుడు మనోళ్ళెవరున్నారు?"

"ఎవులూ లేరు, నాకు తెల్దేటి? ఒక్కపాలి దారి మద్దిలో ఆగకుండా ఎల్లాలి."

కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసి, తాళం కోసం లోపలికి వెళ్ళాను.